ఎంఏ ఇంగ్లిష్ తర్వాత అనువాదం పని: వరంగల్‌లో ఉండి ఎట్లా మొదలుపెట్టాలె?

హనుమకొండ_ఎంఏ:
కాకతీయ యూనివర్సిటీలో ఎంఏ ఇంగ్లిష్ అయిపోయింది. డిగ్రీలో సెకండ్ లాంగ్వేజ్ హిందీ. సర్కారు నౌకరీకి చదవాలా, ఇంటి నుంచి ఫ్రీలాన్స్ చేయాలా? రేటు ఎట్లా అడగాలె?

కాజీపేట_రాజభాష:
డిగ్రీలో హిందీ ఉంది కాబట్టి కేంద్ర కొలువులకు స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పెట్టే హిందీ ట్రాన్స్‌లేటర్ల పరీక్ష చూడండి. చాలామంది ఆగిపోయేది ఒక్కచోటే: పీజీ ఒక్కటే చాలదు. హిందీ–ఇంగ్లిష్ అనువాదంలో డిప్లొమా గానీ సర్టిఫికెట్ గానీ ఉండాలె, లేకుంటే ప్రభుత్వ ఆఫీసులో రెండేళ్ల అనువాద అనుభవం. నోటిఫికేషన్ పడ్డాక చేరితే గడువు తేదీకి సర్టిఫికెట్ చేతికి రాదు, ఇప్పుడే చేరండి. పేపర్ 1 ఆబ్జెక్టివ్, 200 మార్కులు, తప్పుకు పావు మార్కు కోత. పేపర్ 2 కూడా 200, అనువాదం, వ్యాసం రాయాలె. ఇందులో వచ్చే జూనియర్ ట్రాన్స్‌లేషన్ ఆఫీసర్ పోస్టుకు బేసిక్ 35,400 నుంచి మొదలు.

ఓరుగల్లు_అనువాదం:
ఫ్రీలాన్స్ అయితే ముందు యూనికోడ్ టైపింగ్ నేర్చుకోండి, అది ఏ కంప్యూటర్‌లోనైనా సరిగ్గా కనిపిస్తది. డీటీపీలో వాడే అను ఫాంట్లలో కొట్టి పంపితే, ఆ ఫాంట్ లేని క్లయింట్‌కు పిచ్చి అక్షరాలే కనిపిస్తయి. పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ పెట్టకపోతే ఒత్తులు విడిపోతయి. తర్వాత ఒమెగాటి నేర్చుకోండి, పాత అనువాదాలను గుర్తుపెట్టుకొని చూపించే సాఫ్ట్‌వేర్, ఉచితం.

యాప్ వాక్యాల్లో పేరు వచ్చి కూర్చునే ఖాళీ గుర్తులుంటయి, వాటిని ముట్టద్దు. పక్కన ‘కు’ తగిలిస్తే సీతకు సరిపోతది, మురళికి కుదరదు. వాక్యాన్నే తిప్పి రాయాలె.

రేటు ఎప్పుడూ ఇంగ్లిష్ మూలంలోని పదాల లెక్కనే. తెలుగులో విభక్తులు పదానికే అతుక్కుంటయి, అందుకే పదాలు తగ్గుతయి. తెలుగు లెక్కకు ఒప్పుకుంటే మీకే నష్టం. రోజుకు 2,000 పదాలు దాటి ఒప్పుకోకండి, మళ్లీ చదివే టైం మిగలదు.

మెషీన్ చేసిన అనువాదం దిద్దే పనికి రేటు తక్కువ ఇస్తరు. ముందే ఒక పేజీ నమూనా అడగండి. ‘చేయబడినది’లు, ఒకే పేరాలో నువ్వు–మీరు కలగాపులగం ఉంటే కొత్తగా రాసినంత పని పడ్తది, పూర్తి రేటే అడగండి.

హనుమకొండ_ఎంఏ:
థాంక్స్ అన్నా. సభల్లో నోటితో చేసే అనువాదమో?

ములుగు_దుబాసీ:
సభలో అనువాదకులకు పెట్టే చిన్న గది (బూత్)లో కూర్చొని వెంటవెంటనే చెప్పాలంటే ఇద్దరుండాలె. 20–30 నిమిషాలకోసారి మారాలె, లేకుంటే అంకెలు, పేర్లు జారిపోతయి. ఒక్కరితో రోజంతా అంటే వద్దనండి. స్లైడ్లు ముందురోజే తెప్పించుకోండి. కోయ, గోండి వస్తే మాత్రం వదలకండి, ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, ఆసుపత్రికి, కోర్టుకు వచ్చేవాళ్లకు ఆ భాషలు వచ్చిన మనుషులే కావాలె.