.338 రైఫిల్‌కి ముందు ఏం మార్చాలె? తెలిసినోళ్లు జర చెప్పుర్రి

అన్నలూ, మాది నకిరేకల్, ఎనిమిదేండ్ల సంది టెక్సస్‌ల ఉంటున్న, ఇప్పుడు దసరాకు ఇంటికొచ్చిన. గ్రీన్ కార్డు వచ్చినంక అక్కడ్నే .338 లాపువా మాగ్నమ్ గుండ్ల బోల్ట్ యాక్షన్ రైఫిల్ (ఒక్కో గుండుకు చేత్తోని బోల్ట్ గుంజేది) ఒకటి సెకండ్‌హ్యాండ్‌ల కొన్న, షూటింగ్ రేంజ్‌ల వెయ్యి గజాల దూరంల ఉన్న ఇనుప పలకను గుండుతోని మోగియ్యాలని పిచ్చి, అంతే. వెయ్యి గజాలంటే 914 మీటర్లు, మా చెరువు కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా ఉంటదేమో.

కష్టమేందంటే మూడో గుండుకే తన్నుడుకు స్కోప్ (గురి చూసే దుర్భిణి) వచ్చి కనుబొమ్మ మీద కొట్టింది, మచ్చ ఇంకా పోలె, అమ్మ చూసి ఎవనితోని కొట్లాడినవ్‌రా అంటది. స్టాక్ (భుజానికి ఆనిచ్చే వెనక భాగం) మీద చెంప ఆనుతలేదు, స్పాంజి ముక్క పెట్టి టేపు చుట్టిన, చెమటకు అదీ జారుతుంది.

ఇంకోటి, ఇప్పుడున్న రైల్ (స్కోప్ బిగిచ్చే పట్టీ) ఫ్లాట్‌ది, దూరం పెరిగితే స్కోప్ టరెట్ (గురి పైకి కిందికి జరిపే నాబ్) తిప్పి తిప్పి అయిపోతుంది. 20 ఎంఓఏ (కోణం కొలత, ఒక్క ఎంఓఏ అంటే డిగ్రీల అరవైయో వంతు) ముందుకు వాలిన రైల్ వేస్తే వెయ్యి గజాల కాడ సుమారు 17 అడుగులు కలిసొస్తది కదా, కానీ మరి 100 గజాల జీరో (గురి పెట్టిన కాడనే గుండు తగిలే సెట్టింగు) దొరుకుతదా, నా స్కోప్‌ల గురి జరిపే సందు మొత్తం 60 ఎంఓఏ ఉంది? మజిల్ బ్రేక్ (గొట్టం మూతికి పెట్టేది, గ్యాసును పక్కలకు తోలుతది) పెడితే తన్నుడు మస్తు తగ్గుతదంటరు గానీ పక్క బెంచీల బ్రేక్ ఉన్నాయన పేల్చినప్పుడు నా టోపీ ఎగిరింది, చెవుల్ల ప్లగ్గులు, మీదికెళ్లి మఫ్‌లు పెట్టినా గుండె అదిరింది.

బైపాడ్ (రెండు కాళ్ల స్టాండ్) తర్వాత చూస్త. పైసలు ఇప్పుడు రెండింటికే ఉన్నయి: రైల్, చీక్ రైజర్ (చెంప ఆనిచ్చే ఎత్తు), బ్రేక్, ఈ మూడింట్ల ఏ రెండు ముందు? వాడినోళ్లే చెప్పుర్రి, వీడియోలు చూసినోళ్లు వద్దు.