బేటెడ్ బ్రెత్: మధ్యలో ‘ఐ’ ఉందా?

అరసున్న: ‘మీ జవాబు కోసం బేటెడ్ బ్రెత్‌తో ఎదురుచూస్తుంటాను’ అని ఇంగ్లీషులో ఒక ఉత్తరం ముగించాను. ఆత్రంగా చూస్తుంటానని నా భావం. పంపేశాక టెన్షన్ పట్టుకుంది. బి, ఏ తర్వాత ఐ పెట్టాను. తెలుగు లిపిలో రెండూ బేటెడే, దొరికిపోయే భయమే లేదు. ఇంతకీ ఐ ఉండాలా, వద్దా?

బండిఱ: వద్దు. ఐ పెడితే గాలానికి గుచ్చే ఎర. జున్ను మింగి ఎలుక కన్నాల్లోకి ఊపిరి ఊదే పిల్లి మీద కవి జెఫ్రీ టేలర్ నాలుగు పాదాలు కట్టింది ఈ ఐ కోసమే.

అచ్చుతప్పు: అసలు మాట అబేట్, అంటే తగ్గు. మొదటి అచ్చు రాలిపోయింది. తమిళుల ఉరల్ మనకు రోలు అయినట్టే.

బండిఱ: అయినట్టు కాదు మాస్టారూ. రోలులో ఉకారం రాలలేదు, వెనక్కి జరిగి పక్క అచ్చుతో కలిసి ఓ అయింది. వర్ణవ్యత్యయం. ఇంగ్లీషులో అచ్చు నిజంగానే పోయింది.

అచ్చుతప్పు: మొదట్లో వినపడటం లేదుగా, నాకది చాలు.

కలంపాళీ: స్పెల్లింగ్ సరే, అర్థం మాటేమిటి? షేక్‌స్పియర్ నాటకం ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ మొదటి అంకం, మూడో రంగం. తన మీద ఉమ్మినవాడే అప్పుకొస్తే వడ్డీ వ్యాపారి షైలాక్ అడుగుతాడు: బానిసలా వంగి, ఊపిరి తగ్గించి, వినయంగా గొణగాలా అని. అక్కడ ఆత్రమూ లేదు, ఎదురుచూపూ లేదు. పైకి వినయం, లోపల కత్తి! షేక్‌స్పియర్ ఒక్క విశేషణంలో ఎంత దాచాడో. అవమానపడ్డవాడి వెటకారాన్ని మనం ఉత్తరాల చివర ముచ్చటగా అతికిస్తున్నాం.

బండిఱ: అందుకే ‘ఊపిరి బిగబట్టి’ అనే అనువాదం నేను ఒప్పుకోను. బిగబట్టడం వేరు, తగ్గించడం వేరు.

అచ్చుతప్పు: మనకు డగ్గుత్తిక ఉందిగా! డగ్గు అంటే తగ్గు, కుత్తిక అంటే గొంతు. షైలాక్‌కి కొలిచి కుట్టినట్టుంది.

కలంపాళీ: అది దుఃఖంతో గొంతు పూడుకుపోతే అనే మాట. షైలాక్ ఏడవటం లేదండీ, దెప్పుతున్నాడు.

అచ్చుతప్పు: దుఃఖం మీరు చేర్చారు. సంతోషంలో మాత్రం గొంతు గద్గదం కాదా?

అరసున్న: అందరికీ దణ్ణం. మరి వెళ్ళిపోయిన నా ఉత్తరం సంగతి?

బండిఱ: ఉండండి, ముందు ‘తగ్గు’లో తకారం ‘డగ్గు’లో డకారం ఎందుకైందో తేలనివ్వండి.