ప్రభువు బల్ల రొట్టె: పిండి ముందురోజే కలపొచ్చా?

కడప సోదరి: వందనాలు. సంఘంలో ప్రభువు బల్లకు (యేసు చివరి భోజనాన్ని గుర్తుచేసుకునే ఆరాధనకు) పులియని రొట్టె చేయాలి. శనివారం రాత్రే పిండి కలపొచ్చా? పులిపిండి పాపానికి గుర్తయితే, బైబిల్లో మత్తయి 13:33లో పరలోకరాజ్యాన్ని దానితో ఎందుకు పోల్చారు?

ప్రొద్దుటూరు: కలపొద్దక్కా. ఈస్టు వేయకపోయినా తడి పిండి దానంతటదే పులుస్తుంది, మన ఎండలకు ఇంకా తొందరగా. యూదులు తమ పస్కా పండుగ పులియని రొట్టెను నీళ్లు తగిలిన 18 నిమిషాల్లోపే కాల్చేస్తారు. పావుకిలో గోధుమపిండికి 125 మి.లీ. చన్నీళ్లు. గట్టిగా పిసికి, పలచగా వత్తి, ఫోర్కుతో అంతటా పొడవండి. లేకపోతే ఆవిరి నిలిచి పుల్కాలా ఉబ్బుతుంది. పెనం ముందే కాగి ఉండాలి.

కర్నూలు: గుర్తు ఒక్కటే కాదమ్మా. 1 కొరింథీ 5లో అది దుర్మార్గత. మత్తయిలో మూడు కుంచాల పిండినీ లోలోపల మార్చేసే శక్తి. వారాల పండుగ (పెంతెకొస్తు) అర్పణకు పులిసిన రొట్టెలే తేవాలని లేవీ 23:17 చెప్తుంది. గ్రీకు, రష్యన్ వంటి తూర్పు ఆర్థడాక్స్ సంఘాలైతే పునరుత్థానానికి గుర్తుగా పొంగిన రొట్టెనే వాడతాయి.

కడప సోదరి: ఉప్పు?

ప్రొద్దుటూరు: పస్కా రొట్టెకు పిండి, నీళ్లే అక్కా. ఉప్పు వేయరు.