హాలికులైననేమి... తర్వాత కౌద్దాలికులా, కుద్దాలికులా?

నల్లరేగడి: రెండు రోజులుగా ఒక్క అక్షరం తలలో తిరుగుతోంది. తొమ్మిదో తరగతికి వ్యవసాయం పుట్టుక గురించి పాఠం చెబుతూ బోర్డు మీద వరసగా రాశాను: దుంపలు తవ్వుకోవడం, గుద్దలి సేద్యం, నాగలి. రాస్తూ రాస్తూ ఆగిపోయాను. ఈ వరస పోతనదని చెప్పుకునే మన పద్యంలోనే ఉంది కదా! భార్యాబిడ్డల పొట్ట నింపడానికి కవులు నాగలి దున్నితేనేం, అడవిలో గుద్దలితో దుంపలు తవ్వితేనేం అంటాడు:

హాలికులైననేమి గహనాంతర సీమల కందమూల కు
ద్దాలికులైననేమి నిజదార సుతోదర పోషణార్థమై

మా నాన్న "కు" అని చదివేవారు. పుస్తకంలో "కౌ" చూసిన గుర్తు. ఏది సరి? ఇంకో మాట. కవి నాగలి మెట్టు నుంచి గుద్దలి మెట్టుకు దిగుతున్నాడా, లేక రెండిటినీ ఒకే వరసలో నిలబెడుతున్నాడా?

గురులఘువు: కౌ. ఛందస్సు ఇక్కడ సాయపడదు. "ద్దా" ముందు ఏది పెట్టినా గురువే, పాదం చివర కాబట్టి యతి ఊసూ లేదు. తేల్చేది వ్యాకరణమే. "తేన దీవ్యతి ఖనతి జయతి జితమ్" అనే పాణిని సూత్రం దగ్గర కాశికా వ్యాఖ్యానం ఇచ్చిన ఉదాహరణల్లో "కౌద్దాలికః" ఉంది. కుద్దాలంతో తవ్వేవాడని అర్థం. హలం హాలికుడైనట్టే కుద్దాలం కౌద్దాలికుడైంది. రెండిటా మొదటి అచ్చుకు వృద్ధి, అంటే అ ఆ అవుతుంది, ఉ ఔ అవుతుంది. హా, కౌ జోడీగా వినిపించాలనే కవి అలా కూర్చాడు.

తెనాలి మాస్టారు: కాశిక సంగతి కాదనను. కానీ మనకు గుద్దలి ఉంది, కన్నడానికీ గుద్దలి ఉంది. కుద్దాలమే దక్షిణాది నుంచి సంస్కృతంలోకి వెళ్ళిందని నా నమ్మకం. తెలుగు చెవికి "కు"యే దగ్గర. చాటువు నోటి మీద బతికే పద్యం, నోరు ఎటు తిప్పితే అటు తిరుగుతుంది.

వరిమడి: మా తాతగారు "కందమూల ఉద్దాలికులు" అనేవారు. దాన్నెవరూ లెక్కలోకి తీసుకోరేం? ధౌమ్యుడి పొలానికి గండి పడితే శిష్యుడు ఆరుణి అడ్డంగా పడుకున్నాడు. గురువు పిలిచినప్పుడు ఆ గట్టు చీల్చుకుని లేచాడు కాబట్టే ఉద్దాలకుడయ్యాడు. ఆదిపర్వంలోని ఆ కథ మొత్తం మడి, గట్టు, నీటి చుట్టూ తిరుగుతుంది. సేద్యం మాటకు అంతకంటే దగ్గరి పేరు ఏముంటుంది?

గురులఘువు: వరిమడి గారూ, కథ నాకూ ఇష్టమే. కానీ కందమూల, ఉద్దాలిక కలిస్తే "కందమూలోద్దాలిక" అవుతుంది. పాదంలో ఒక అక్షరం తగ్గుతుంది, ఉత్పలమాల నిలబడదు.

బమ్మెర దారి: పద్యం ఎలా పుట్టిందో మరిచిపోతున్నారు. శ్రీనాథుడు పల్లకీలో వస్తూ "హాలికులకు సేమమా?" అన్నాడు, దానికి పోతన జవాబు ఇది. ఇది భాగవతంలో లేదు, చాటువు. అయినా ఆ గొంతు పోతనదే అని నేను గట్టిగా నమ్ముతాను. పల్లకీ బోయీలు లేకుండా నడిస్తే, ఇటు ఎడ్లు లేకుండా నాగలి నడిచిందంటారు. పాణిని "హలసీరాట్ ఠక్" చూడండి. హలం వహతి హాలికః. నాగలిని లాగే ఎద్దుకూ ఆ మాట చెల్లుతుంది. అంటే శ్రీనాథుడు ఒక్క మాటలో దున్నేవాణ్ణీ ఎద్దునూ కలిపి పలకరించాడు. అందుకే కథలో ఎద్దుల్ని విప్పేశారు. ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను, ఎవరూ పట్టించుకోలేదు.

తెనాలి మాస్టారు: బాగుంది అన్నా. కానీ ఎద్దుకు "నిజదార సుతోదర పోషణ" ఎక్కడిది?

పాలమూరు అక్క: నల్లరేగడి గారి రెండో ప్రశ్న అందరూ వదిలేశారు. నాకు అదే ముఖ్యం. "గహనాంతర సీమల" అన్నాడు కాబట్టి కౌద్దాలికుడు గుద్దలి పట్టిన రైతు కాదు, అడవిలో దుంప తవ్వుకునేవాడు. నల్లమలలో చెంచులు మొన్నమొన్నటి దాకా బతికిన తీరు అది. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో వాళ్ళ మీద పుస్తకమే రాశాడు.

ఇప్పుడు "నిజదార" దగ్గర ఆగండి. దుంప తవ్వే బతుకులో భార్య చేతిలోనూ తవ్వుకోల ఉంటుంది. ఆమెను ఎవరూ పోషించడం లేదు, ఆమే పోషిస్తోంది. నాగలి వచ్చాకే పొలం మగవాడిదైంది. ఆర్థికవేత్త ఎస్తర్ బోసెరప్ 1970లో చెప్పింది ఇదే: గుద్దలితో సేద్యం చేసే ఆఫ్రికా పల్లెల్లో పొలం పని ఎక్కువగా ఆడవాళ్ళది, నాగలీ ఎడ్లూ ఉన్నచోట అది మగవాళ్ళ చేతికి పోయింది. కవి నాగలి కాలంలో ఉండి అడవి బతుకుని చూశాడు. అందుకే రెండు చోట్లా పోషించేవాడు మగవాడే అయ్యాడు.

నల్లరేగడి: అక్కా, ఈ కోణం నాకు తట్టనే లేదు. రేపు క్లాసులో చెబుతాను.

వరిమడి: అడవి దుంపే అని ఎందుకు తీర్మానించారు? కంద మా లంకల్లో పంట. తవ్వేటప్పుడు గునపం తగిలి దుంప గాటు పడితే ధర సగం పోతుంది, చుట్టూ మట్టి లాగి చేత్తో పైకి తీయాలి. అది చేతకానివాళ్ళ పనేమీ కాదు.

గురులఘువు: ఇక్కడ కంద తెలుగు కంద కాదండీ. కందమూలాలు సంస్కృత జంట మాట, మునుల ఆహారం.

పాలమూరు అక్క: మెట్ల లెక్క కూడా అంత తిన్నగా ఉండదు. మా వైపు ఉట్నూరు బూడిద దిబ్బను పురావస్తు శాస్త్రవేత్త ఆల్చిన్ 1957లో తవ్వితే మందల దొడ్లు బయటపడ్డాయి, కాలిన పేడ పొరల్లో పశువుల గిట్టల గుర్తులు కనిపించాయి. దక్కనులో ఆ కొత్తరాతియుగపు జనం పెసర, ఉలవ, అండుకొర్ర పండించారు. అటు రాజస్థాన్‌లోని కాలీబంగన్‌లో హరప్పాకు ముందే దున్నిన పొలం దొరికింది. ఒక దిక్కు సాళ్ళు సుమారు 30 సెంటీమీటర్ల ఎడం, అడ్డంగా వేసిన సాళ్ళు 190 సెంటీమీటర్ల ఎడం. రెండు పంటలు కలిపి వేసే పద్ధతి అన్నమాట. ఒక్కో నేల ఒక్కో దారిన వచ్చింది.

తెనాలి మాస్టారు: సాళ్ళా, చాళ్ళా అక్కా? మేం నాగటి చాలు అంటాం.

పాలమూరు అక్క: మేం సాలు అనే అంటాం. ఇరవై సాళ్ళు, ముప్పై సాళ్ళు అని మా అమ్మ లెక్కపెట్టేది.

బమ్మెర దారి: వేదంలో సీత అంటే ఆ చాలే. జనకుడు దున్నుతుంటే దొరికిన బిడ్డకు ఆ పేరు ఊరికే రాలేదు. ఇక సంస్కృతంలోని లాంగలమే మన నాగలి అని కొందరు, అసలు ముండా భాషల నుంచి సంస్కృతానికీ మనకూ వచ్చిందని కొందరు. నాగలికి వేరే దారం తెరుద్దామా?

నల్లరేగడి: తెరవండి. మా బడి పిల్లల్లో మేడి, కర్రు, నొగ, కాడి పేర్లు చెప్పగలిగింది ఇద్దరే. మా ఊళ్ళో అరక కట్టే ఇల్లు ఒక్కటీ మిగల్లేదు, అంతా ట్రాక్టరే. కానీ నా కు, కౌ ఇంకా తేలలేదు. పాత అచ్చుప్రతి ఎవరి దగ్గరైనా ఉంటే ఆ రెండు పాదాల ఫొటో పెట్టండి.

తెనాలి మాస్టారు: మా నాన్నగారి పెట్టెలో చాటుపద్యాల పుస్తకం ఒకటి ఉంది. అట్ట ఊడిపోయింది, ఆదివారం వెతుకుతాను. అందులో "కౌ" ఉన్నా "కు" మీద నా మాట మారదు.