ఆర్కేడ్ ఫైర్ 'ఫ్యునరల్'కి అప్పట్లో అంత పేరెందుకు వచ్చింది?

నిన్న రాత్రి మొదటిసారి ఫుల్‌గా విన్నా. 2004లో మాంట్రియల్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌కే పిచ్‌ఫోర్క్ (మ్యూజిక్ రివ్యూల సైట్) పదికి 9.7 ఇచ్చిందంటే ఏదో గట్టిగానే ఉండుంటుంది అనుకున్నా, ట్యూన్స్ బావున్నాయి గానీ విన్ బట్లర్ గొంతు అలా వణుకుతుంటే నాకు ఎక్కట్లేదు, మీరెలా విన్నారు?

జవాబు 1: ఆ వణుకే దాని ప్రాణం బ్రో. అది చేస్తున్న రోజుల్లో వాళ్ల ఇళ్లల్లో వరసగా చావులు, బ్యాండ్‌లోనే పాడే రెజీన్ వాళ్ల అమ్మమ్మో నానమ్మో, బట్లర్ అన్నదమ్ముల తాతయ్య ఆల్వినో రే, అందుకే ఆ పేరు. అయినా ఏడుపు ఆల్బమ్ కాదు, 'వేక్ అప్' పాటలో అందరూ కలిసి గొంతెత్తే చోట నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

జవాబు 2: రివ్యూల పవర్ కూడా చూడాలి. దీన్ని రిలీజ్ చేసిన మెర్జ్ చిన్న రికార్డ్ లేబుల్, వాళ్ల నుంచి అమెరికా ఆల్బమ్ చార్ట్ బిల్‌బోర్డ్ 200లోకెక్కిన ఫస్ట్ ఆల్బమ్ ఇదే. 2005లో రాక్ స్టార్ డేవిడ్ బౌవీ వీళ్లతో స్టేజ్ ఎక్కాడు, తర్వాత గ్రామీ నామినేషన్. నా లెక్కలో 9.7 కొంచెం ఎక్కువే, మధ్యలో ఒకట్రెండు పాటలు డల్.

జవాబు 3: డల్ అనకండి సార్, 'హైతీ' హెడ్‌ఫోన్స్‌లో వినండి, రెజీన్ వాళ్లవాళ్లు ఆ దేశం వదిలొచ్చిన బాధంతా అందులో ఉంది.

అడిగినవాణ్ణే: ఈ చావుల సంగతి తెలీదు నాకు. ఈ రాత్రి మళ్లీ మొదట్నుంచి వింటా.