తరాల నౌక కథలో కుటుంబ నియంత్రణ ఎలా పెట్టాలి?

కథలమడి:
నవలిక రాస్తున్నాను. వెయ్యి మందితో బయల్దేరిన అంతరిక్ష నౌక, గమ్యానికి 180 ఏళ్ళు, దారిలోనే తరాలు మారిపోతాయి. జనాభా పెరగకూడదు, తగ్గకూడదు. "ఆడవాళ్ళంతా రోజూ మాత్ర వేసుకుంటారు, కౌన్సిల్ ఒప్పుకుంటే మానేస్తారు" అని ఒక్క వాక్యంతో సరిపెట్టాను. ఇది లెక్కకి నిలుస్తుందా? ఇంకో సంగతి. ఈ నౌకలో ఆడామగా తేడా లేదని రాసుకున్నాను. చిత్తుప్రతి చదివిన ఒకరు "మరి మాత్ర ఆడవాళ్ళకే ఎందుకు?" అని నిలదీశారు. పాత సైన్స్ ఫిక్షన్ వాళ్ళు దీన్ని ఎలా నడిపారు?

నీలిగుళిక:
నిలవదండీ. సగటు ఆయుష్షు 80 అనుకుంటే, వెయ్యి మంది వెయ్యి మందిగానే ఉండాలంటే ఏడాదికి పన్నెండు, పదమూడు కాన్పులు చాలు. 15–49 మధ్య ఆడవాళ్ళు 215 మంది దాకా ఉంటారు. అందులో 200 మంది మాత్ర మీద ఉన్నారనుకోండి. మరిచిపోవడం, వాంతులవడం, కొత్త స్ట్రిప్ ఆలస్యంగా మొదలెట్టడం అన్నీ కలుపుకుంటే, మామూలు వాడకంలో మాత్ర ఏడాదికి నూటికి ఏడుగురి దగ్గర విఫలమవుతుంది. అంటే 14 అనుకోని గర్భాలు. మీకు కావలసిన కాన్పులకన్నా ఇవే ఎక్కువ! ఇక కౌన్సిల్ ఒప్పుకోవడమేమిటి, కాదనడమేమిటి?

మోచేతి పైన చర్మం కింద పెట్టే ఇంప్లాంట్ కడ్డీ అయితే వైఫల్యం నూటికి 0.1 లోపే. 200 మందికి ఐదేళ్ళలో ఒక గర్భం రావచ్చు, అంతే. ఒక్కో కడ్డీలో 68 మిల్లీగ్రాముల ఇటోనోజెస్ట్రెల్ అనే హార్మోన్ ఉంటుంది. మూడేళ్ళకోసారి మారిస్తే ఏడాదికి 67 కడ్డీలు, అంటే నాలుగున్నర గ్రాముల మందు. 180 ఏళ్ళకి లెక్కేసినా కిలో కాదు. అయినా ముందే మూటగట్టుకుని పోలేరు, కడ్డీల నిల్వ గడువు కొద్ది ఏళ్ళే. నౌకలోనే చెయ్యాలి: స్టెరాయిడ్ తయారీ, దాని చుట్టూ ఇథిలీన్ వినైల్ అసిటేట్ అనే ప్లాస్టిక్ పొర, చివర స్టెరిలైజేషన్. కథకి పనికొచ్చేది ఆ పొరే. మందు ఎంత నెమ్మదిగా బయటికి రావాలో తేల్చేది అదే. ఒక బ్యాచ్‌లో పొర పలచగా వస్తే మందు ముందే అయిపోతుంది, ఆ బ్యాచ్ పెట్టించుకున్న వాళ్ళందరికీ ఒకే కాలంలో రక్షణ పోతుంది.

హార్మోన్ ఫ్యాక్టరీ బాధ వద్దనుకుంటే కాపర్ టీ 380ఏ. పేరులోని 380 రాగి వైశాల్యం, చదరపు మిల్లీమీటర్లలో. పదేళ్ళు ఢోకా లేదు. కాకపోతే నెలసరి రక్తస్రావం పెరుగుతుంది. నౌక భోజనంలో ఇనుము తక్కువైతే పదేళ్ళలో సగం మందికి రక్తహీనత రాసుకోవచ్చు, ఎవరూ అతిశయోక్తి అనరు.

పాతపుస్తకం:
"ఆడవాళ్ళకే ఎందుకు" అన్న ప్రశ్న పెద్దపెద్దవాళ్ళకే తట్టలేదు. హక్స్‌లీ 'బ్రేవ్ న్యూ వరల్డ్' (1932) చూడండి. పిల్లలు సీసాల్లో పుడతారు, కడుపు మొయ్యడం అన్నదే బూతు. ఆడ పిండాల్లో నూటికి 70కి మగ హార్మోన్ ఎక్కించి పిల్లలు పుట్టకుండా చేసేస్తారు. మిగిలిన వాళ్ళు నడుముకి గర్భనిరోధకాలు కుక్కిన మాల్తూసియన్ బెల్టు కట్టుకు తిరుగుతారు, దానికి చిన్నప్పటినుంచే డ్రిల్లు. మగవాడి నడుముకి మాత్రం ఏమీ ఉండదు. గర్భం సీసాలోకి పోయినా పత్యం ఆడదానికే మిగిలింది.

సీసా ఊహకి 'ఎక్టోజెనెసిస్' అని పేరు పెట్టినవాడు జీవశాస్త్రవేత్త హాల్డేన్, 'డెడలస్' (1924)లో. నూటయాభై ఏళ్ళ తర్వాత ఒక విద్యార్థి రాసిన వ్యాసం రూపంలో, తల్లి కడుపున పుట్టేవాళ్ళు నూటికి 30 లోపే అని చెప్పిస్తాడు. (ఆయన చివరికి మన దేశానికే వచ్చి 1964లో భువనేశ్వర్‌లో పోయారు. దేహాన్ని కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి రాసిచ్చారు. చర్చకి సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.)

మద్రాసు పత్రికలో 1905లో వచ్చిన బేగం రోకియా 'సుల్తానాస్ డ్రీమ్'లో మగవాళ్ళు ఘోషాలో ఉంటారు, ఆడవాళ్ళకి 21 ఏళ్ళ లోపు పెళ్ళి లేదు. కానీ ఎంతమందిని కనాలన్న ఊసే రాదు. గిల్మన్ 'హర్‌ల్యాండ్' (1915)లో మగవాళ్ళే లేరు, జనం పెరిగిపోతే బిడ్డ కావాలన్న కోరికనే వేరే పనుల్లో పడి వాయిదా వేస్తారు. చదవడానికి బాగుంటుంది, నౌకకి పనికిరాదు.

మీకు అసలు కావలసింది లెగ్విన్ 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' (1969). అందులోని గెథెన్ గ్రహంలో 26–28 రోజుల చక్రంలో కొద్ది రోజులే ఎవరైనా ఆడో మగో అవుతారు, ఎవరికైనా కడుపు రావచ్చు. కాబట్టి కాన్పు భారం అన్నది ఒక వర్గానికి అంటుకోదు. అంత సమానమైన జాతిలో కూడా ఆర్గొరేన్ అనే దేశపు శిబిరంలో ఖైదీలకి ఆ దశ రాకుండా మందులిస్తారు. తేడా చెరిపేస్తే చాలదని ఆవిడకి తెలుసు. పియర్సీ 1976 నవల 'వుమన్ ఆన్ ది ఎడ్జ్ ఆఫ్ టైమ్'లో బిడ్డ యంత్రంలో పెరుగుతుంది, ముగ్గురు తల్లులు, అందులో మగవాళ్ళూ ఉండొచ్చు, హార్మోన్లతో పాలూ ఇస్తారు. అక్కడ ఒకరు పోతేనే ఇంకొకరు పుడతారు. మీ నౌక లెక్క అచ్చం అదే.

రచయిత్రి బుజోల్డ్‌ని వదలొద్దు. ఆవిడ నవలల్లోని బీటా కాలనీ అనే గ్రహంలో ఆడపిల్లకి ఈడొచ్చాక ఇంప్లాంట్, పిల్లలు కావాలంటే లైసెన్సు. బరాయార్ అనే ఇంకో గ్రహంలో మాత్రం ఆడో మగో ఎంచుకునే వైద్యం చేతికి రాగానే అందరూ కొడుకుల్నే ఎంచుకుని, ఒక తరం మగపిల్లలకి పెళ్ళికూతుళ్ళు దొరకని స్థితి తెచ్చుకుంటారు. స్కానింగ్ సెంటర్ బోర్డులు చదివి పెరిగిన మనకి అది కల్పన అనిపించదు.

సమాజవీధి:
పరికరం ఏదైనా సరే, తీసే అధికారం ఎవరిది అన్నది తేల్చండి. ఇంప్లాంట్ పెట్టడం రెండు నిమిషాల పని. తియ్యాలంటే కోత, మత్తు ఇంజెక్షన్, తెలిసిన చెయ్యి కావాలి. మాత్ర ఎవరికి వారు మానుకోగలరు, కడ్డీని మానుకోలేరు. 1991లో కాలిఫోర్నియాలో ఒక జడ్జి ఒక ఆవిడకి శిక్షలో భాగంగా నార్‌ప్లాంట్ కడ్డీలు పెట్టించుకోమన్నారు. మన పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం పేద ఆడవాళ్ళకి సరిగ్గా చెప్పకుండానే జరుగుతోందని స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం 1986లో సుప్రీంకోర్టుకెక్కింది. మీ కౌన్సిల్ క్లినిక్ సీనుకి ఈ రెండూ చాలు.

అటు తిరగబడినా కథే. రుమేనియాలో 1966 చివర్లో 770వ డిక్రీతో గర్భస్రావాన్ని నిషేధించారు. మరుసటి ఏడాది కాన్పులు రెండు లక్షల డెబ్భై వేల నుంచి ఐదు లక్షల పైకి పోయాయి. ఆ పిల్లలు ఆరేళ్ళ తర్వాత ఒకే తరగతిలో కూర్చుంటారు. వెయ్యి మంది నౌకలో అలాంటి ఒక్క ఏడాది పడితే బడీ, తర్వాత పడకలూ, ఎనభై ఏళ్ళకి వృద్ధాశ్రమమూ వరసగా పొంగుతాయి.

ఆడవాళ్ళకే ఎందుకు అంటారా? 2019–21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో కు.ని. ఆపరేషన్ అయినవాళ్ళు 70 శాతానికి దగ్గర. దేశం మొత్తం మీద మగవాళ్ళ ఆపరేషన్ ఒక శాతం కూడా కాదు. వేసెక్టమీయే చిన్న ఆపరేషన్, పొట్ట కొయ్యక్కర్లేదు. అయినా ఇదీ సంగతి.

కథలమడి:
అయితే తిప్పేస్తాను. మగపిల్లలందరికీ 18కి వీర్యం దాచి, వేసెక్టమీ. ఎక్కడ బెడిసికొడుతుంది?

నీలిగుళిక:
మూడు చోట్ల. ఒకటి, ఆపరేషన్ అయిన వెంటనే పనిచెయ్యడం మొదలవదు. మూడు నెలలాగి వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాలి. పరీక్ష ఎగ్గొట్టిన కుర్రాడు మీ పాత్ర. రెండు, ఏళ్ళు గడిచేకొద్దీ గొట్టాన్ని మళ్ళీ కలిపినా ఫలితం తగ్గుతుంది, కాబట్టి నౌక భవిష్యత్తంతా ట్యాంకులోనే. మూడు, ట్యాంకు. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీలు, రోజూ కొంచెం కొంచెం ఆవిరవుతూ ఉంటుంది, పోస్తూ ఉండాలి. ప్రతి నమూనా సగం ఒక డెక్‌లో, సగం ఇంకో డెక్‌లో పెట్టించండి, రెండింటికీ వేరే కరెంటు లైను, వేరే అలారం. రేడియేషన్‌కి నీళ్ళ ట్యాంకుల చాటున ఉంచాలి, గడ్డకట్టిన కణాలు తగిలిన దెబ్బని బాగుచేసుకోలేవు. తాళం ఒకే డాక్టరు దగ్గర పెట్టారో, సమాజవీధి గారి ప్రశ్న మళ్ళీ మొదలు, ఈసారి మగవాళ్ళ వైపునుంచి.