నాటకం నడుస్తుండగా ఆపమనే హక్కు ఎవరిది?

తెరతాడు

మొన్నటి ప్రదర్శన తర్వాత మా బృందంలో పెద్ద గొడవైంది. తెర వెనుక పనిచేసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారని అడుగుతున్నాను.

నేను స్టేజ్ మేనేజర్‌ని. రెండో అంకంలో మెట్ల సెట్టు తిరిగి ఆగాక చక్రాలకు బ్రేకులు వేయాలి. ఒక పక్క బ్రేకు పట్టలేదని వింగ్‌లో, అంటే వేదిక పక్కన తెర చాటున, ఉన్న కుర్రాడు హెడ్‌సెట్‌లో చెప్పాడు. అప్పటికే ఒక నటి పైమెట్టు మీద ఉంది, ఇంకో నటుడు పరుగున ఎక్కాల్సిన సమయం వచ్చేసింది. నేను తెర వేయించాను, హాల్లో లైట్లు వెలిగించమన్నాను, కొద్ది నిమిషాలు ఓపిక పట్టమని మైకులో చెప్పాను. ఏడు నిమిషాల్లో బ్రేకు సరిచేసి మళ్లీ మొదలుపెట్టాం.

అయిపోయాక దర్శకుడు అందరి ముందూ నన్ను నిలదీశారు. "నేను హాల్లోనే ఉన్నాను కదా, నన్ను అడక్కుండా ఎలా ఆపుతావు? వాళ్లు అనుభవం ఉన్న నటులు, కిందే నిలబడి సన్నివేశం లాగించేసేవాళ్లు" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది. కానీ రాత్రంతా ఆలోచించినా నేను చేసింది తప్పని అనిపించలేదు. ప్రదర్శన మొదలయ్యాక ఆపే నిర్ణయం దర్శకుడిదా, నటుడిదా, స్టేజ్ మేనేజర్‌దా?

ముఖరంగు

ఇరవై ఏళ్లకు పైగా నటిస్తున్నాను. మీ దర్శకుడి వైపే మాట్లాడతాను, ఏమనుకోకండి.

ప్రేక్షకుణ్ణి కథలోకి లాగడానికి మాకు గంట పడుతుంది. హాల్లో లైటు వెలగ్గానే అతను మళ్లీ తన కుర్చీలోకి వచ్చేస్తాడు. ఆ తర్వాత ఎంత బాగా చేసినా మొదటి పట్టు రాదు. వేదిక మీద ఏదైనా తేడా వస్తే ముందు తెలిసేది మాకే. ఒకసారి నేను కూర్చోగానే కుర్చీ కాలు విరిగింది. ఎదుటి నటుడు చెయ్యి అందించి, అది కూడా కథలో భాగమే అన్నట్టు ఒక మాట కలిపాడు. చూసినవాళ్లెవరికీ అనుమానం రాలేదు. ఆ రోజు ఎవరైనా తెర వేసి ఉంటే నేను క్షమించేదాన్ని కాదు.

1903లో షికాగో ఇరోక్వా థియేటర్ తగలబడినప్పుడు వేదిక ముందుకొచ్చి జనాన్ని శాంతంగా ఉండమని బతిమాలింది హాస్యనటుడు ఎడీ ఫోయ్. ఆపద వేళ జనం చూసేది నటుడి ముఖాన్నే.

లైటుబోర్డు

ముఖరంగు గారూ, ఆ ఉదాహరణ మీరు చెప్పదలచుకున్నదానికి ఎదురు తిరుగుతోంది. ఎడీ ఫోయ్ ధైర్యానికి దండం పెట్టాల్సిందే. కానీ ఆయన ముందుకొచ్చేసరికే పరిస్థితి చేయి దాటిపోయింది. దీపం నిప్పురవ్వ పైనున్న గుడ్డలకు అంటుకుంది. మంటల్ని అడ్డుకోవాల్సిన తెర దిగుతూ దిగుతూ మధ్యలో ఇరుక్కుంది. వెనక పెద్ద తలుపు తెరవగానే లోపలికి కొట్టిన గాలి మంటను తెర కిందుగా హాల్లోకి తోసింది. బయటికి దారి తీసే తలుపులు చాలావరకు తెరుచుకోలేదు. ఆ డిసెంబరు 30న ఆరు వందల మందికి పైగా చనిపోయారు. ఒక నటుడు ఎంత మంచి మాట చెప్పినా, వెనకాల ఎవరు ఏం చేయాలో కుదిరి లేకపోతే ఆ మాట ఎంతసేపు ఆగుతుంది?

1911లో ఎడిన్‌బరో ఎంపైర్ ప్యాలెస్‌లో కూడా ప్రదర్శన మధ్యలోనే నిప్పు అంటుకుంది. అక్కడ రక్షణ తెర దిగింది, వాద్యబృందం జాతీయగీతం వాయించింది, జనం లేచి బయటికి నడిచారు. ప్రేక్షకులంతా బతికారు. తెర అవతల ఉండిపోయినవాళ్లు మాత్రం దక్కలేదు, ఆ ప్రదర్శన ఇస్తున్న ఇంద్రజాలికుడు లాఫయెట్‌తో సహా. దాని గురించి చదివినప్పుడల్లా నాకు తెర వెనుక మిగిలినవాళ్లే గుర్తుకొస్తారు, ఎందుకంటే నేను పనిచేసేదీ అక్కడే.

కుర్చీ కాలు విరగడం పొరపాటు. బ్రేకు లేని మెట్ల మీదికి మనిషి పరుగెత్తడం ప్రమాదం. రెండింటినీ ఒకే గాట కట్టేయకండి.

ఎడమవింగ్

నా వయసంతా ఈ పనిలోనే గడిచింది కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మొదటి ప్రదర్శన తెర లేచేదాకా నాటకం దర్శకుడిది. లేచాక స్టేజ్ మేనేజర్ చేతికొస్తుంది. ఇది ఎవరి గొప్ప కోసమో పెట్టుకున్న పద్ధతి కాదు. ముప్ఫయ్యో ప్రదర్శనకు దర్శకుడు ఇంకో ఊళ్లో ఇంకో నాటకం రిహార్సల్‌లో ఉంటాడు. మొదటి రోజు ఒక నియమం, ముప్ఫయ్యో రోజు ఇంకో నియమం అంటే బృందం దేన్ని నమ్మాలి? పైగా హాల్లో కూర్చున్న దర్శకుడి చెవికి హెడ్‌సెట్ లేదు. ఆ బ్రేకు సంగతి ఆయనకు తెలియనే తెలియదు. ఆయన్ని వెతికి, చెప్పి, ఒప్పించేలోపు ఆ నటుడు మెట్లెక్కేసేవాడు.

ఆపమని అరవడం వేరు, ప్రదర్శన ఆపడం వేరు. మొదటిది అందరి హక్కు. రిహార్సల్‌లో "హోల్డ్" అని ఎవరు అరిచినా అందరూ ఉన్నచోటే నిలబడాలి, వాళ్లు నిన్న చేరిన పిల్లలైనా సరే. యంత్రంతో కదిలే సెట్టుంటే దాన్ని నడిపేవాడి చేతికిందే ఆపే బటన్ ఉంటుంది, నొక్కడానికి అతను ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు. రెండోది, అంటే తెర, లైట్లు, శబ్దం, ప్రకటన అన్నీ ఒక వరసలో నడిపించడం, ఒక్క గొంతు నుంచే రావాలి. రెండు గొంతులు కలిస్తే ఒకరు తెర దించుతుంటే ఇంకొకరు లైటు తీసేస్తారు.

లైటు అన్నాను కాబట్టి ఒక మాట. ఏదైనా జరగ్గానే వేదిక మీద చీకటి చేసేయాలని చాలామంది అనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. మామూలు బ్లాకౌట్‌లో నటులకు మెరిసే టేపు గుర్తులు తెలుసు, ఎన్ని అడుగులు వేయాలో తెలుసు. అనుకోకుండా వచ్చిన చీకట్లో వాళ్లు ఎక్కడ నిలబడ్డారో వాళ్లకే తెలియదు. ముందు వేదిక మీద పని లైటు, తర్వాత తెర, ఆ తర్వాత హాల్లో లైట్లు.

ఈ వరస మా ప్రాంప్ట్ బుక్‌లో, అంటే ఎప్పుడు ఏం చేయాలో సూచనలన్నీ రాసుకున్న నాటక ప్రతిలో, మొదటి పేజీలోనే, ప్రకటనలో చదవాల్సిన వాక్యాలతో సహా రాసి ఉంటుంది. నాకు జ్వరమొచ్చి ఇంకెవరో ఆ పుస్తకం ముందు కూర్చున్నా నాటకం అలాగే నడవాలి, అలాగే ఆగాలి.

తెరతాడు గారూ, మీరు ఆపింది సరైన పనే. నేనడిగేది ఒక్కటే: ఆ రాత్రి షో రిపోర్టులో బ్రేకు సంగతి, ఆగిన సమయం రాశారా? గొడవ పెద్దదైతే మీకు మిగిలేది ఆ కాగితమే.

ముఖరంగు

ఎడమవింగ్ గారూ, మీరు చెప్పిన తేడా ఒప్పుకుంటున్నాను. బ్రేకు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కానీ మీ ఒక్క గొంతు దగ్గర నాకు భయం ఉంది, అదెందుకో చెప్పాలి. ఒక కత్తియుద్ధం సన్నివేశంలో నేను జారిపడి మణికట్టు విరిగింది. ప్రదర్శనకు ముందు నెమ్మదిగా చేసి చూసుకునే ఫైట్ కాల్ ఆ రోజు ఎగ్గొట్టారు. స్టేజ్ మేనేజర్ కూర్చున్న చోటికి నేను కనిపించను. మిగిలిన అంకమంతా విరిగిన చేత్తోనే చేశాను. "ఆపండి" అని చెప్పడానికి నాకు దారే లేదు, హెడ్‌సెట్ మాకుండదు కదా. అధికారం మీ దగ్గరే పెట్టుకోండి. మా మాట మీదాకా చేరే దారి కూడా మీరే వేయాలి.

లైటుబోర్డు

అది చదివి చాలా బాధపడ్డాను. ఎదురుగా కూర్చునే నాకు కూడా కొన్నిసార్లు కనిపించదు. నాటకంలో ఎక్కడా రాని ఒక మాట ముందే అనుకుని ఉంచుకోవడం నేను చూశాను. నటుడి నోట ఆ మాట వినపడితే వింగ్‌లో ఉన్నవాళ్లు వెంటనే హెడ్‌సెట్‌లో చెప్పేస్తారు.

ఎడమవింగ్

ఫైట్ కాల్ ఎగ్గొట్టిన రోజు తెర లేవకుండానే ఉండాల్సింది. ముఖరంగు గారూ, ఆ తప్పు మా వృత్తిది. అమెరికాలో స్టేజ్ మేనేజర్లు నటుల సంఘమైన యాక్టర్స్ ఈక్విటీలోనే సభ్యులు. ఆ ఏర్పాటు నాకెందుకు నచ్చుతుందో మీ మణికట్టు సంగతి విన్నాక ఇంకా గట్టిగా అర్థమైంది.

తెరతాడు

అందరికీ కృతజ్ఞతలు. రిపోర్టులో రాశాను: ఆగిన నిమిషం, మొదలైన నిమిషం, బ్రేకు ఫొటో కూడా.

ఈ రోజు దర్శకుడితో మాట్లాడాను. ప్రమాదం ఉంటే నన్ను అడగొద్దు, నువ్వే ఆపు అన్నారు. ఎడమవింగ్ గారు చెప్పిన వరస ప్రాంప్ట్ బుక్‌లో మొదటి పేజీగా పెట్టాం. రేపు తెర లేవడానికి అరగంట ముందు పిలిచే హాఫ్ అవర్ కాల్‌కు ముందు బృందమంతా ఒకసారి ఆగడం సాధన చేస్తాం. నటుల కోసం ఒక మాట కూడా ఎంచుకున్నాం.

ఒక్క విషయం ఇంకా తేలలేదు. ఆగాక ఎక్కణ్ణుంచి మళ్లీ మొదలుపెట్టాలో తానే చెప్పాలంటున్నారు దర్శకుడు. మొన్న నేను ఆగిన డైలాగు నుంచే మొదలుపెట్టించాను, అది అతకలేదని నాకూ తెలుసు.

ముఖరంగు

ఆగిన డైలాగు నుంచి వద్దు. దానికి ముందు ఎవరో ఒకరు లోపలికొచ్చే ప్రవేశం ఉంటుంది కదా, అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. నడిచొస్తే మాకు ఊపిరి కుదురుతుంది. మెట్ల మీద నిలబడ్డ ఆ నటిని కూడా అడగండి, ఎక్కణ్ణుంచైతే తనకు వీలవుతుందో.